పాత అక్వేరియం మళ్లీ నీళ్లు నిలుపుతుందా? ఇంట్లోనే పరీక్షించుకునే పద్ధతి

అటక మీదనో, మిద్దె మీది గదిలోనో ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న చేపల తొట్టిని కిందికి దించి, "ఇందులో మళ్లీ నీళ్లు పోయవచ్చా, కారుతుందా?" అని అడిగేవారు అనంతపురంలో నాకు తరచుగా ఎదురవుతూ ఉంటారు. పిల్లలకు సెలవులిచ్చే ఏప్రిల్ నెలలో ఈ ప్రశ్న మరీ ఎక్కువగా వస్తుంది. అడిగిన ప్రతివారికీ ముక్కలు ముక్కలుగా చెప్పడం కన్నా, మొదటి నుంచి చివరి దాకా ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. మన ప్రాంతపు పొడి గాలి ఈ పరీక్షను రెండు రకాలుగా తప్పుదారి పట్టిస్తుంది. ఏమాత్రం కారని తొట్టిలో కూడా నీళ్లు ఆవిరైపోయి మట్టం దిగుతుంది కాబట్టి, మంచి తొట్టి కారుతున్నట్టు కనిపిస్తుంది. నిజంగానే సన్నగా చెమరుస్తున్న తొట్టిలోనేమో, ఆ చెమ్మ చుక్కగా మారి కింద పడకముందే ఆరిపోతుంది కాబట్టి, చెడిన తొట్టి బాగున్నట్టు కనిపిస్తుంది. ఈ రెండు పొరపాట్లూ నేను చేశాను. ఒక మే నెలలో మూడడుగుల తొట్టి నింపి, రెండు రోజుల్లో మట్టం దాదాపు అర వేలెడు తగ్గేసరికి కారుతోందని తీర్మానించుకుని, గాజు పలకలను అతికించే రబ్బరులాంటి జిగురు, అంటే సిలికాన్, లోపలి వైపు అంతా కోసి తీసి మళ్లీ వేశాను. కొత్త సిలికాన్ ఆరాక నింపినా మట్టం అంతే దిగింది. ఇంకోసారి రెండడుగుల తొట్టిని అరగంట సేపు నింపి చూసి, బాగుందనుకుని చెక్క బల్ల మీద పెట్టాను. నెల తిరిగేసరికి వెనక మూల కింద చెక్క ఉబ్బిపోయింది, అతుకు పొడవునా ఉప్పులాంటి తెల్లటి గీత పేరుకుంది, కానీ ఒక్క చుక్క నీరు కూడా నేల మీద నేను చూడలేదు.

కావలసినవి

రెండు మూడు రోజుల పాత వార్తాపత్రికలు, ఒక చిన్న టార్చి, ఒక స్టీలు స్కేలు, తాపీమేస్త్రీలు వాడే రసమట్టం, అంగుళం మందం ఉన్న థర్మోకోల్ పలక, బడిలో వాడే తెల్ల సుద్దముక్కలు రెండు, మాస్కింగ్ టేపు, సన్నని పెన్ను, ఒక ప్లాస్టిక్ బకెట్, తొట్టిని ఖాళీ చేయడానికి రెండు గజాల ప్లాస్టిక్ గొట్టం, శుభ్రం చేయడానికి వెనిగర్ లేదా నిమ్మకాయలు. రసమట్టం ఇంట్లో లేకపోతే పక్క వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీని అడగండి, ఒక పూటకు ఇస్తారు. వీటితో పాటు మూడు పూర్తి రోజులు తొట్టిని కదిలించకుండా ఉంచగల చోటు కావాలి. పరీక్ష చెడిపోయేది చాలాసార్లు చోటు దగ్గరే.

1. బరువు లెక్క వేసుకోండి

పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, 1000తో భాగిస్తే ఎన్ని లీటర్లు పడతాయో తెలుస్తుంది. లీటరు నీరు కిలో బరువు. 90 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 45 ఎత్తు ఉన్న తొట్టిలో అంచు దాకా పోస్తే సుమారు 121 లీటర్లు, అంటే గాజు కాకుండానే 121 కిలోలు. మడత మంచం, ప్లాస్టిక్ బల్ల, కుర్చీలు ఈ పనికి పనికిరావు. గచ్చు నేల అన్నిటికన్నా మంచిది.

2. దించేటప్పుడే జాగ్రత్త పడండి

పొడిగా నిలవ ఉన్నంత మాత్రాన సిలికాన్ త్వరగా చెడిపోదు. నిలవ ఉన్న తొట్టెలు ఎక్కువగా దెబ్బతినేది మోసేటప్పుడే. ఒక్కరే ఒక మూల పట్టుకుని లేపితే తొట్టి మెలిపడి, అతుకులు లోపల ఎక్కడో ఊడుతాయి. ఇద్దరు కలిసి, నాలుగు మూలల అడుగున చేతులు పెట్టి, సమంగా ఎత్తండి. పై అంచు పట్టుకుని మోయకండి. లోపల గులకరాళ్లు, ఫిల్టరు ఉంటే ముందే తీసేయండి. మిద్దె మీద ఎండలో ఉన్న తొట్టి అయితే కిందికి తెచ్చాక నీడలో కొన్ని గంటలు చల్లారనివ్వండి. కాలిన గాజు మీద చల్లటి బోరు నీళ్లు పడితే పలక ఫట్టున పగలవచ్చు.

3. కడగకముందే చూడండి

దాదాపు అందరూ ముందు తొట్టిని తళతళలాడేలా తోమి, తర్వాత పరీక్షకు దిగుతారు. అది వద్దు. మన బోరు నీళ్లలో సున్నపు ఉప్పులు ఎక్కువ, అందువల్ల తొట్టి గతంలో ఎక్కడ చెమర్చినా అక్కడ తెల్లటి పొర మిగిలిపోతుంది. కడిగితే ఆ సాక్ష్యం పోతుంది.

తొట్టిని వెలుతురులో పెట్టి, బయటి వైపు నాలుగు నిలువు అతుకులనూ, అడుగు అతుకునూ మెల్లగా చూడండి. పైనుంచి ధారలా జారి, పలక మధ్యలో ఆగిపోయిన తెల్ల మరకలు నీళ్లు మార్చేటప్పుడు చిందినవి, వాటితో భయం లేదు. అతుకు గీతలోనే పుట్టి, అక్కడ మందంగా ఉండి, దూరం పోయేకొద్దీ పలచబడే పొర మాత్రం కారినదానికి గుర్తు. అలాంటిది కనిపిస్తే ఆ చోట మాస్కింగ్ టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి.

తర్వాత టార్చి వెలుగును పలక అంచు మీద ఏటవాలుగా పడేలా పట్టుకుని, రెండు పలకలు కలిసే చోట గాజులోంచి సిలికాన్‌ను చూడండి. ఆరోగ్యంగా ఉన్న అతుకు మొదటి నుంచి చివరి దాకా ఒకే రంగులో, నిండుగా కనిపిస్తుంది. నల్ల సిలికాన్‌లో వెండి రంగు మెరుపు మచ్చలు కనిపిస్తే అక్కడ సిలికాన్ గాజును వదిలేసిందని అర్థం. పారదర్శక సిలికాన్‌లో అదే లోపం పాలరంగు మసకలా కనిపిస్తుంది. మధ్యలో ఒంటరిగా ఉన్న చిన్న గాలిబుడగ మొదటి రోజు నుంచీ ఉన్నదే అయి ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కరలేదు. లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా వరుసగా సాగిన మచ్చ అయితే నీటికి దారి ఏర్పడినట్టే.

లోపలి మూలల్లో వేసిన సిలికాన్ పట్టీని బొటనవేలితో నొక్కండి. రబ్బరులా లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. గోరు పెట్టి అంచును లాగితే తోలులా లేచి వచ్చినా, పొడిగా రాలినా దాని పని అయిపోయింది. ఎలుకలు కొరికిన గాట్లు, పాచి గీకినప్పుడు బ్లేడు తగిలిన కోతలు అడుగు మూలల్లో ఎక్కువగా ఉంటాయి, అక్కడ వేలితో తడిమి చూడండి.

చివరగా గాజు. అంచుల వెంబడి గోరుతో మెల్లగా గీస్తూ పోతే, కంటికి కనపడని పగులు గోరుకు తగులుతుంది. అంచున చిన్న పెచ్చు మాత్రమే ఊడి ఉండి, అది అతుకు దాకా రాకపోతే పరీక్షకు వెళ్లవచ్చు. పలకలో పగులు ఉంటే మాత్రం నీళ్లు పోయకండి. పగిలిన పలకను సిలికాన్ పూసి నిలబెట్టడం ప్రమాదకరం. పై భాగంలో ముందు వెనక పలకలను కలుపుతూ ఉండే అడ్డపట్టీ ఊడి ఉంటే, అది అతికించి ఆరే దాకా కూడా నింపకూడదు.

4. శుభ్రం చేయడం

సబ్బు, బట్టల పొడి, ఫినాయిలు వాడవద్దు, వాటి అవశేషాలు చేపలకు చేటు. తెల్ల పొర మీద వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచిన గుడ్డ పరిచి, పావుగంట ఆగి తుడిస్తే చాలావరకు పోతుంది. బ్లీచింగ్ వాడాలనుకుంటే వెనిగర్ తగిలిన రోజున వాడకండి, ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. బ్లేడు పలక మధ్యలో మాత్రమే పెట్టాలి, అతుకుకు రెండు వేళ్ల దూరంలో ఆగిపోవాలి. తర్వాత మంచి నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, బయటి వైపు పూర్తిగా ఆరనివ్వండి.

5. చోటు, మట్టం

గదిలో, ఎండ తగలని చోట, కరెంటు బోర్డులకూ నేల మీది వైర్లకూ దూరంగా ఉంచండి. మన ఇళ్లలో కడప బండల అరలు, బేతంచెర్ల రాళ్లు పరిచిన అరుగులు చూడటానికి చదునుగా ఉన్నా, స్కేలు పెట్టి చూస్తే చాలా బండల్లో ఎత్తుపల్లాలు ఉంటాయి. వాటి మీద గాజును నేరుగా పెడితే బరువంతా ఒకటి రెండు చోట్ల పడి, అడుగు పలక పగులుతుంది. అందుకే కింద థర్మోకోల్ పలక వేయండి. మీ తొట్టికి అడుగున ప్లాస్టిక్ చట్రం ఉండి, గాజు నేలకు తగలకుండా పైకి నిలిచి ఉంటే మాత్రం థర్మోకోల్ వేయకూడదు. అలాంటి తొట్టికి చట్రమే ఆధారం.

రసమట్టాన్ని పొడవు వైపూ, వెడల్పు వైపూ పెట్టి చూడండి. తేడా ఉంటే థర్మోకోల్ కింద మొత్తం పరుచుకునేలా అట్ట వేసి సరిచేయాలి. ఒక మూల కింద చీలిక దూర్చడం వల్ల తొట్టి మెలిపడుతుంది.

6. సాక్షులను పెట్టండి

వార్తాపత్రికలను తొట్టి చుట్టూ, అంచులు తొట్టి కిందికి కొంచెం దూరేలా పరవండి. తడిసిన కాగితం ఆరిపోయినా ముడతపడి, గీత మిగిలిపోతుంది. రాత్రి మీరు నిద్రపోతున్నప్పుడు జరిగినదాన్ని కూడా అది ఉదయం చూపిస్తుంది.

కాగితం దాకా చేరని చెమ్మను పట్టుకోవడానికి సుద్దముక్క కావాలి. బయటి వైపు ప్రతి అతుకు మీదా సుద్దముక్కను పక్కకు పడుకోబెట్టి రుద్ది, తెల్లటి పట్టీలా పొడి అంటేలా చేయండి. నునుపు గాజు మీద అంటకపోతే సుద్దను నలిపి వేలితో అద్దండి. చెమ్మ తగిలిన చోట సుద్ద వెంటనే ముదురు బూడిద రంగులోకి మారుతుంది, ఆరాక అక్కడ గట్టిపడి గీతలా నిలుస్తుంది. పొడి గాలిలో ఇంతకన్నా నమ్మకమైన సాక్షి నాకు దొరకలేదు. రంగు కలిపిన నీళ్లు పోయమని కొందరు చెబుతారు కానీ, ఆ రంగు పారదర్శక సిలికాన్‌కు పట్టుకుంటే వదలదు.

7. విడతలుగా నింపండి

నీళ్లు గది వేడికి వచ్చాక పోయడం మంచిది. చల్లటి నీళ్లు పోస్తే, వానలు పడే రోజుల్లో గాజు బయట మంచులాంటి చెమ్మ పట్టి, అది కారినట్టు భ్రమ కలిగిస్తుంది.

పావు వంతు పోసి గంట ఆగండి. అడుగు అతుకుల చుట్టూ టార్చి వేసి, సుద్ద పట్టీని చూడండి. తర్వాత సగం, మళ్లీ గంట. తర్వాత ముప్పావు, మళ్లీ గంట. చివరగా పై అంచుకు రెండు అంగుళాల దిగువ దాకా. ఏ దశలో ధారగా కారినా అక్కడితో ఆపి, నీళ్లు తీసేయండి. నీళ్లతో ఉన్న తొట్టిని, అందులో బెత్తెడు నీళ్లే ఉన్నా సరే, జరపకండి, ఎత్తకండి.

సగం నింపి చూసి వదిలేయడం చాలామంది చేసే తప్పు. నీటి లోతు రెట్టింపైతే, పలక మీద నీరు తోసే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పైన చెప్పిన 90 సెంటీమీటర్ల ముందు పలక మీద 45 సెంటీమీటర్ల నీళ్లకు సుమారు 91 కిలోల బరువంత తోపు ఉంటే, సగం నీళ్లకు అది 23 కిలోలే. సగం నీళ్లకు నిలిచిన అతుకు నిండు తొట్టికి నిలుస్తుందని చెప్పలేము.

నిండాక స్టీలు స్కేలును ముందు పలకకు అడ్డంగా ఆనించి చూడండి. పొడవైన తొట్టిలో మధ్య భాగం కొద్దిగా ఉబ్బడం సహజమే. ఆ ఉబ్బును కొలిచి రాసి పెట్టుకోండి. మర్నాటికి అది పెరిగితే వెంటనే ఖాళీ చేయండి.

8. పక్కన బకెట్ పెట్టండి

ఇదే నేను మొదట్లో చేయని పని. తొట్టి పక్కనే, అదే గదిలో, అదే ఫ్యాను గాలిలో ఒక బకెట్‌లో నీళ్లు పెట్టండి. తొట్టిలో పై అంచుకూ నీటికీ మధ్య ఎంత ఖాళీ ఉందో, బకెట్‌లోనూ అంతే ఖాళీ ఉండాలి. అంచు ఎత్తుగా ఉంటే గాలి తక్కువ తగిలి, ఆవిరి తక్కువవుతుంది. రెండింటికీ నీటిమట్టం దగ్గర మాస్కింగ్ టేపు నిలువుగా అంటించి, సన్నని పెన్నుతో గీత గీసి, తేదీ, సమయం రాయండి. చూసేటప్పుడు కన్ను నీటి మట్టానికి సమానంగా ఉండాలి, పైనుంచి వంగి చూస్తే రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఊరికే వస్తుంది.

నీరు పై భాగం నుంచే ఆవిరవుతుంది కాబట్టి, వెడల్పు ఎంతైనా రెండింటి మట్టమూ దాదాపు సమానంగా దిగాలి. మొన్నటి వేసవిలో నేను చూసిన ఒక తొట్టిలో మూడు రోజులకు 11 మిల్లీమీటర్లు దిగింది, బకెట్‌లో 10. ఆ తొట్టి ఈనాటికీ కారలేదు.

తేడా ఎక్కువగా ఉంటే ఇంకో లెక్క వేయండి. 90 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న తొట్టిలో మట్టం ఒక్క మిల్లీమీటరు దిగితే పోయిన నీరు 270 మిల్లీలీటర్లు. బకెట్ కన్నా 5 మిల్లీమీటర్లు ఎక్కువ దిగిందంటే లీటరుంబావు దాటి ఎక్కడికో పోయి ఉండాలి. అన్ని నీళ్లు పోయాక వార్తాపత్రికలన్నీ పొడిగా ఉండటం జరగదు. కాగితాలు నిజంగా పొడిగా ఉంటే, మీ గీతలనూ బకెట్ పెట్టిన చోటునూ మరొకసారి సరిచూసుకుని, ఇంకో రోజు ఆగండి.

బకెట్‌కు చోటు లేనివారు తొట్టి పైన పాలిథీన్ కాగితం బిగుతుగా పరిచి, చుట్టూ టేపు వేయవచ్చు. అప్పుడు మట్టం దాదాపు దిగకూడదు. అంచు చుట్టూ ఎక్కడా సందు లేకుండా మూయడం కష్టం, అందువల్ల నాకు బకెట్ పద్ధతే నచ్చుతుంది.

9. మూడు రోజులు ఆగండి

మొదటి రోజు మూడు నాలుగుసార్లు, తర్వాత ఉదయం, రాత్రి చూడండి. ఇరవై నాలుగు గంటలు చాలని చాలామంది అంటారు. ఏళ్ల తరబడి ఎండిపోయి ఉన్న తొట్టికి నేను మూడు రోజులు పెడతాను, ఎందుకంటే అతుకులో ఊడిన సందు సన్నగా ఉంటే నీరు దాన్ని దాటి బయటికి రావడానికే ఒకటి రెండు రోజులు పట్టవచ్చు.

అనుమానం ఉన్న మూల దగ్గర బయటి అతుకు మీద నిలువుగా పారదర్శకమైన ప్లాస్టిక్ టేపు అంటించి ఒక రాత్రి ఉంచండి. గాలికి ఆరే దారి మూసుకుపోతుంది కాబట్టి, చెమ్మ ఉంటే తెల్లారేసరికి టేపు వెనక సన్నని బొట్లుగా కనిపిస్తుంది.

సుద్ద ఎక్కడా రంగు మారకుండా, కాగితాలు పొడిగా ఉండి, బకెట్‌కూ తొట్టికీ తేడా ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటే తొట్టి బాగున్నట్టే. సుద్ద గట్టిపడిన గీత ఒక్కచోట కనిపించినా, కాగితాలు పొడిగా ఉన్నాయి కదా అని వదిలేయకండి. చట్రం ఉన్న తొట్టిలో ఇంకొక చిక్కు ఉంది. నీరు చట్రం లోపలే పాకి, కారిన మూలలో కాకుండా వేరే మూలలో బయటపడుతుంది. అందువల్ల తడి కనిపించిన చోటే లోపం ఉందనుకోకుండా, అన్ని మూలలనూ లోపలి వైపు నుంచి పరిశీలించండి.

కారితే ఏం చేయాలి

బయటి నుంచి సిలికాన్ పూయడం, ముద్దలు కలిపి అతికించే ఎపాక్సీ పెట్టడం, టేపు చుట్టడం, ఇవేవీ నిలవవు. లోపలి నీరు వాటిని బయటికి తోస్తూనే ఉంటుంది. కారిన చోట మాత్రమే లోపల కొంచెం కొత్త సిలికాన్ పూయడం కూడా అంతే, ఆరిన పాత సిలికాన్‌కు కొత్తది గట్టిగా అంటుకోదు.

పలకల మధ్య ఉన్న అతుకు నిండుగా ఉండి, లోపలి పట్టీ మాత్రమే చెడితే, లోపలి పట్టీని అన్ని మూలల్లో పూర్తిగా కోసి తీసి, మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో గాజును రెండుసార్లు తుడిచి, రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, ఒకే విడతలో కొత్త పట్టీ వేయాలి. అద్దాల కొట్టులో అడిగేటప్పుడు అక్వేరియం సిలికాన్ అని స్పష్టంగా చెప్పండి. స్నానాల గదులకు వాడే రకంలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకు హాని. వెండి మచ్చలు పలకల మధ్య అతుకులోనే ఉంటే తొట్టి మొత్తం విప్పి మళ్లీ అతికించాల్సిందే, అది అలవాటున్నవారి పని.

సిలికాన్ గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. మన వేసవిలో గాలిలో తేమే తక్కువ కాబట్టి, ఎండకు త్వరగా ఆరుతుందని మిద్దె మీద పెట్టడం వల్ల లాభం లేదు. నీడలో, గదిలో ఒక బేసిన్ నీళ్లు పక్కన పెట్టి, కనీసం వారం ఆగండి. వెనిగర్ వాసన ఇంకా వస్తుంటే లోపల ఇంకా పచ్చిగానే ఉందని అర్థం, అప్పటిదాకా నీళ్లు పోయవద్దు. తర్వాత ఈ పరీక్ష మొత్తం మళ్లీ మొదటి నుంచి చేయాలి.

ఖాళీ చేయడం

గొట్టం నిండా నీళ్లు నింపి, రెండు కొనలూ బొటనవేళ్లతో మూసి, ఒక కొనను తొట్టిలోనూ ఇంకొక కొనను కింద బకెట్‌లోనూ పెట్టి వదలండి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని జిల్లా మనది, ఆ నూరు లీటర్లూ మోరీలోకి వదలకుండా కుండీలకో, వాకిట్లోని చెట్లకో పోయండి. అడుగున మిగిలిన నీటిని గుడ్డతో తీసి, పూర్తిగా ఖాళీ అయ్యాకే తొట్టిని ఇద్దరు పట్టుకుని అసలు చోటికి చేర్చండి. అక్కడ కొత్త స్టాండు మీద మట్టం మళ్లీ చూసి, సుద్ద పట్టీ మళ్లీ వేసి, చేపలు వదలకముందు ఒక రోజు నీళ్లతో ఉంచండి. గదిలో నిలిచిన తొట్టి, మోసిన తర్వాత కారడం నేను రెండుసార్లు చూశాను.